బ్రూక్లిన్ హైట్స్‌లో రెనోవేట్ చేసిన వన్ బెడ్‌రూమ్ కో-ఆప్ కొనడం ఎలా? వంటగది కంటే ముందు బిల్డింగ్‌ని చూడండి

కో-ఆప్ కొన్నవాళ్ల చేతికి ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం రాదు. ఒక షేర్ సర్టిఫికెట్టు, ఒక ప్రొప్రైటరీ లీజు వస్తాయి. బిల్డింగ్ మొత్తం ఒక కార్పొరేషన్ పేరు మీద ఉంటుంది. అందులో మీరు కొన్ని షేర్లు కొంటారు. ఆ షేర్లకు ముడిపెట్టిన ఫ్లాట్‌లో ఉండే హక్కు లీజు వల్ల వస్తుంది. ఈ సంగతి గట్టిగా పట్టుకుంటే పని ఏ వరసలో చేయాలో దానంతటదే తెలుస్తుంది: ముందు బిల్డింగు, తర్వాత గోడల లోపల ఉన్నవి, ఆఖరికి కంటికి కనిపించేవి. చాలామంది దీన్ని తిరగేస్తారు. కొత్త వంటగది చూసి ఆఫర్ పెట్టేస్తారు. బిల్డింగ్ మీద ఎంత అప్పు ఉందో లాయరు చెబితే గానీ తెలియదు.

ఈ గైడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ హైట్స్ కోసం. డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌ను ఆనుకుని ఉండే పేట ఇది. నగరం చారిత్రక ప్రాంతంగా ప్రకటించిన మొట్టమొదటి పేట కూడా ఇదే, 1965 నవంబరు 23న. క్లార్క్ స్ట్రీట్‌లో మాన్‌హట్టన్ వైపు 2 లేదా 3 నంబరు రైలు ఎక్కితే తర్వాత వచ్చే స్టేషనే వాల్ స్ట్రీట్. న్యూజెర్సీలో అద్దెకుంటూ మాన్‌హట్టన్ ఆఫీసుకు రోజూ తిరిగే తెలుగు కుటుంబాలు ఇటువైపు చూడటానికి అదే పెద్ద కారణం.

ముందుగా: బోర్డు వేసే లెక్క మీరే వేసుకోండి

బ్యాంకు సరేనన్నా కో-ఆప్ బోర్డు, అంటే షేర్‌హోల్డర్లు ఎన్నుకున్న కమిటీ, కాదనొచ్చు. బోర్డు లెక్క బ్యాంకు లెక్క కంటే కఠినం. చాలా బోర్డులు కనీసం 20 శాతం డౌన్‌పేమెంటు అడుగుతాయి, 25 అడిగేవీ తక్కువేం కాదు. లోన్ వాయిదా, మెయింటెనెన్స్ (బిల్డింగ్‌కు నెలనెలా కట్టేది), కారు లోను, స్టూడెంట్ లోను అన్నీ కలిపి నెల ఆదాయంలో 25 నుంచి 30 శాతం దాటకూడదంటాయి. క్లోజింగ్ (డబ్బు చెల్లించి కొనుగోలు పూర్తి చేయడం) అయ్యాక కూడా ఏడాది నుంచి రెండేళ్ల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు మీ ఖాతాలో కనిపించాలి.

ఉదాహరణకు ధర 8,50,000 డాలర్లు, మెయింటెనెన్స్ నెలకు 1,250, డౌన్‌పేమెంటు 25 శాతం అనుకుందాం. చేతి నుంచి పెట్టాల్సింది 2,12,500. మిగతా 6,37,500 లోను. 6.5 శాతం వడ్డీకి, 30 ఏళ్లకు వాయిదా సుమారు 4,030. మెయింటెనెన్స్ కలిపితే నెలకు 5,280. ఇది ఆదాయంలో 28 శాతం మించకూడదంటే ఇంటి ఆదాయం ఏడాదికి 2,26,000 పైన ఉండాలి, అదీ వేరే అప్పులేవీ లేకపోతే. క్లోజింగ్ ఖర్చులు ధరలో 1 నుంచి 2 శాతం, 12,000 అనుకోండి. ఏడాది నిల్వ 63,360. అంటే ఆఫర్ పెట్టేనాటికి మొత్తం 2,88,000 డాలర్ల దాకా చూపించగలగాలి. రెండేళ్ల నిల్వ అడిగే బోర్డయితే 3,51,000.

ఈ నిల్వలో 401కె (రిటైర్మెంట్ ఖాతా) డబ్బును కొన్ని బోర్డులు అసలు లెక్కపెట్టవు, కొన్ని సగమే లెక్కపెడతాయి. కొంపల్లిలో ప్లాటు, విజయవాడలో ఇల్లు ఆస్తిపాస్తుల జాబితాలో బాగానే కనిపిస్తాయి గానీ రేపు బ్యాంకులో డబ్బుగా మారవు కాబట్టి ఈ లెక్కలోకి రావు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి సాయం చేస్తుంటే ఆ పని అందరికంటే ముందు మొదలుపెట్టండి. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. రిటర్ను వేశాక అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే. ఇటువైపు ఏడాదిలో విదేశీ బంధువుల గిఫ్టు 1,00,000 డాలర్లు దాటితే ఫారం 3520 వేయాలి. పన్నేమీ ఉండదు, వేయకపోతే మాత్రం జరిమానా చాలా పెద్దది. గిఫ్టులను బోర్డు ఒప్పుకుంటుందో లేదో బ్రోకరు ద్వారా ముందే కనుక్కోండి, అన్ని బోర్డులూ ఒప్పుకోవు. డబ్బు అకౌంటులో పడి రెండు నెలల స్టేట్‌మెంట్లు దాటితే ప్రశ్నలు తగ్గుతాయి.

కో-ఆప్‌కు మార్ట్‌గేజ్ రికార్డింగ్ ట్యాక్స్ (ఇంటి లోను నమోదు మీద పన్ను) లేదు. కాండో, అంటే ఫ్లాటే నేరుగా తమ పేరున రిజిస్టరయ్యే రకం, కొనేవాళ్లతో పోలిస్తే ఇక్కడ వేల డాలర్లు మిగులుతాయి. మరోపక్క ధర సరిగ్గా 10 లక్షలు తాకితే కొనేవాళ్ల మీద 1 శాతం మాన్షన్ ట్యాక్స్ పడుతుంది. 9,99,000కీ 10,00,000కీ మధ్య తేడా వెయ్యి డాలర్లు కాదు, పదకొండు వేలు.

రెండో పని: వీధి, అంతస్తు, బిల్డింగ్ రకం

ఇక్కడ కో-ఆప్‌లు రెండు రకాలు. ఒకటి, సివిల్ వార్‌కు ముందో ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకో ఒకే కుటుంబం కోసం కట్టి, తర్వాత నాలుగు నుంచి పది ఫ్లాట్లుగా విడగొట్టిన బ్రౌన్‌స్టోన్ (ముందు గోడకు గోధుమరంగు రాయి ఉన్న) ఇల్లు. రెండోది, 1920ల నాటి లిఫ్టున్న ఇటుక బిల్డింగు. మొదటిదాంట్లో మెయింటెనెన్స్ తక్కువ, అందం ఎక్కువ. కానీ ఐదు ఫ్లాట్లున్న ఇంట్లో ఒక్కరు డబ్బు కట్టడం మానేస్తే ఐదో వంతు ఆదాయం పోయినట్టే. పైకప్పు మారిస్తే ఖర్చు ఐదుగురి మీదే పడుతుంది. యాభై ఫ్లాట్ల బిల్డింగ్‌లో ఆ దెబ్బ యాభై మంది పంచుకుంటారు.

అంతస్తు సంగతి. మెట్లెక్కగానే వచ్చే పార్లర్ ఫ్లోరుకు ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలు ఉంటాయి. వీధి కంటే కిందికి దిగే గార్డెన్ ఫ్లోరుకు చెమ్మ సమస్య, గట్టి వానలో మురుగు వెనక్కి తన్నే ప్రమాదం. అక్కడ బ్యాక్‌వాటర్ వాల్వు ఉందా అని అడగాల్సిందే. లిఫ్టు లేని ఇంట్లో పై అంతస్తుకు వెలుతురు బాగుంటుంది, కానీ ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నల మోకాళ్లు రోజూ నాలుగు అంతస్తులెక్కగలవా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఈ పేటకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. నాలుగు వీధుల కింద నదిని దాటే సబ్‌వే సొరంగాలున్నాయి: జోరాలెమన్ స్ట్రీట్ కింద 4, 5 రైళ్లు (1908 నుంచి), క్లార్క్ స్ట్రీట్ కింద 2, 3 (1919 నుంచి), మాంటేగ్ కింద ఆర్ రైలు (1920 నుంచి), క్రాన్‌బెర్రీ స్ట్రీట్ కింద ఏ, సీ రైళ్లు (1933 నుంచి). జోరాలెమన్‌లో 58 నంబరు ఇల్లు బయటికి ఇల్లులాగే ఉంటుంది, లోపల మాత్రం ఆ సొరంగానికి గాలి వదిలే గొట్టం, అత్యవసర మెట్లు. ఈ వీధుల్లో కింది అంతస్తు ఫ్లాట్ చూడ్డానికి వెళితే సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ వెళ్లండి. అందర్నీ మాట్లాడొద్దని చెప్పి, గోడకు చెయ్యి ఆనించి పది నిమిషాలు నిలబడండి. ఆదివారం మధ్యాహ్నం ఓపెన్ హౌస్‌లో రైళ్లు తక్కువ, జనం గోల ఎక్కువ, ఏమీ తెలియదు. కొలంబియా హైట్స్‌లో హార్బర్ వైపు కిటికీలుంటే ప్రొమెనాడ్ (హార్బర్ వైపు నడకదారి) కింద పోయే బీక్యూఈ హైవే శబ్దం కూడా కిటికీ తెరిచి వినాలి, మూసి వినాలి.

మూడో పని: ఫ్లాట్ లోపల చేత్తో తడిమి చూడటం

వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చి, లేజరు టేపు, ఒక గోళీ, రెండు టిష్యూ కాగితాలు. కనీసం 40 నిమిషాలు కేటాయించండి. కో-ఆప్ కొనేటప్పుడు ఇన్‌స్పెక్టరును పెట్టుకోవడం ఇక్కడ పెద్దగా అలవాటు లేదు. చిన్న బ్రౌన్‌స్టోన్ అయితే మాత్రం తప్పకుండా పెట్టుకుని బేస్‌మెంటు, పైకప్పు కూడా చూపించండి.

కొలతలతో మొదలుపెట్టండి. కో-ఆప్ ఫ్లాటు విస్తీర్ణం షేర్ సర్టిఫికెట్‌లో ఉండదు, ప్రకటనలో రాసిన చదరపు అడుగులు ఎవరో వేసిన అంచనా. ప్రతి గదినీ గోడ నుంచి గోడకు మీరే కొలవండి. బెడ్‌రూమ్ కనీసం 80 చదరపు అడుగులుండాలి, ఏ వైపూ 8 అడుగులకు తగ్గకూడదు, బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి. రెనోవేషన్ పేరుతో పెద్ద స్టూడియోకి అడ్డగోడ కట్టి వన్ బెడ్‌రూమ్ అని అమ్మే చోట ఈ మూడింట్లో ఒకటి తప్పుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు మీకూ అదే చిక్కు.

గోళీని హాలు మధ్యలో వదలండి. నూట యాభై ఏళ్ల ఇంట్లో అది దొర్లుతుంది, కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది కొత్త టైళ్ల మధ్య సిమెంటు గీతల్ని, తలుపు చట్రాల పైమూలల్ని. కొత్త పనిలో అప్పుడే బీట కనిపిస్తే నేల ఇంకా దిగుతోందని అర్థం. వంటగదినీ హాలునీ కలిపేసి గోడ తీసేసి ఉంటే ఆ గోడ ఏమిటో కనుక్కోండి. ఈ ఇళ్లలో చెక్క దూలాలు సాధారణంగా ఒక పక్కింటి గోడ నుంచి ఇంకో పక్కింటి గోడకు అడ్డంగా ఉంటాయి. వెడల్పు ఇళ్లలో మెట్ల పక్క గోడ మధ్యలో వాటి బరువు మోస్తుంది. దాన్ని కోసిన చోట ఉక్కు దూలం వేశారా, ఇంజినీరు డ్రాయింగు ఉందా అన్నది అడిగి తీరాలి. బాత్రూమ్ గొట్టాల కోసం దూలాలకు కింది నుంచి గాట్లు పెట్టడం కూడా జరిగే తప్పే. నడిచినప్పుడు బాత్రూమ్ నేల స్ప్రింగులా ఊగితే అనుమానించండి.

నీళ్లు. షవరు వేడినీళ్లు పూర్తిగా తిప్పి, అది పారుతుండగానే వంటగది కొళాయి తిప్పి, ఫ్లష్ నొక్కండి. షవరు ధార సగానికి పడిపోయినా, నీళ్లు ఒక్కసారిగా సలసలా వేడెక్కినా, ఫ్లాట్ లోపల కొత్త రాగి గొట్టాలు వేసి నిలువు రైజర్లను (అంతస్తులన్నిటికీ నీళ్లు మోసే గొట్టాలను) పాత ఇనుపవే వదిలేశారని చాలావరకు అనుకోవచ్చు. మొదటి క్షణాల్లో నీళ్లు ఎర్రగా వస్తే మరీ నిశ్చయం. రైజర్లు బిల్డింగువి. వాటిని మార్చే రోజున మీ కొత్త బాత్రూమ్ గోడ పగలగొడతారు, లోపలి గోడ మామూలుగా అతికించి ఇస్తారు, ఇటలీ టైలు తిరిగి పెట్టించుకునే ఖర్చు ఎక్కువచోట్ల మీదే. రైజర్లు మార్చకముందే ఖరీదైన బాత్రూమ్ కట్టించడం అంటే పునాది లేకుండా మేడ కట్టడమే.

షవరు గోడల మీద వేలి కణుపులతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట టైలు వెనక సిమెంటు పట్టలేదు. నేల మీద నీళ్లు పోసి డ్రెయిను వైపు పారుతున్నాయో, మూలలో నిలుస్తున్నాయో చూడండి. నిలిచిన నీరు ఏడాది తిరక్కుండా కింది ఫ్లాటు కప్పు మీద మచ్చగా తేలుతుంది. ఆ మచ్చ బిల్లు మీకే వస్తుంది.

వంటగదిలో పొగ గొట్టం మన వంటకు అసలైన పరీక్ష. హుడ్ ఆన్ చేసి టిష్యూని కింద జాలీకి ఆనించండి, అంటుకుంటే గాలి లాగుతున్నట్టు. తర్వాత రెండో టిష్యూని హుడ్ పైభాగంలో, కప్పుకి దగ్గరగా పట్టుకోండి. అది రెపరెపలాడితే ఆ గాలి బయటికి పోవడం లేదు, బొగ్గు ఫిల్టరు దాటి మళ్లీ గదిలోకే వస్తోంది. ఈ పేటలో రెనోవేట్ చేసిన వంటగదులు చాలావరకు ఇలాంటివే, ఎందుకంటే చారిత్రక ప్రాంతంలో గోడకు కొత్తగా కన్నం పెట్టాలంటే అనుమతి కావాలి, వీధివైపు గోడకైతే దొరకడం చాలా కష్టం. అలాంటి వంటగదిలో ఎండుమిర్చి, ఇంగువ తిరగమోత వేస్తే ఆ ఘాటు తలుపు కింద సందులోంచి మెట్ల దాకా వెళుతుంది. హౌస్ రూల్స్‌లో వాసనల గురించి ఒక నియమం ఉంటుంది, పొరుగువాళ్లు దాన్నే చూపిస్తారు. కొన్నాక దీన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం కాబట్టి రోజూ వంట చేసే ఇల్లయితే, వంటగదిలో తెరుచుకునే కిటికీ లేదా పని చేసే పాత వెంట్ షాఫ్టు ఉన్న ఫ్లాట్‌నే ఎంచుకోమని మా మాట. క్వార్ట్జ్ గట్టు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు తెరిచి మెయిన్ బ్రేకరు మీద అంకె చదవండి. 60 ఆంపియర్లుంటే ఇండక్షన్ స్టౌ, రెండు ఏసీలు, మైక్రోవేవ్ కలిసి నడవవు. 100 ఉంటే నిశ్చింత. సింకు దగ్గరి ప్లగ్ పాయింట్లకు టెస్ట్ బటన్ ఉందా చూడండి. అది కూడా లేని చోట పని చేసింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కాదనుకోవచ్చు.

వాషింగ్ మెషీన్ ఫ్లాట్‌లో ఉందంటే సంతోషించే ముందు బిల్డింగ్ దాన్ని అనుమతించిందా అని రాతలో అడగండి. పాత మురుగు గొట్టాల వల్ల చాలా బోర్డులు ఒప్పుకోవు. అలమారాలో దాచిపెట్టిన మెషీన్ క్లోజింగ్‌కు ముందే తీసేయాల్సి రావచ్చు.

నాలుగో పని: రెనోవేషన్‌కు కాగితాలున్నాయా

మంచి పనికి కాగితం ఉంటుంది. అడ్రసు కొట్టి డీఓబీ (నగర బిల్డింగ్స్ శాఖ) వెబ్‌సైట్లు రెండూ, అంటే పాత రికార్డులకు బీఐఎస్, కొత్తవాటికి డీఓబీ నౌ, చూడండి. ఫ్లాట్ నంబరు మీద పర్మిట్ ఉందా, ఉంటే పని ముగిసినట్టు సైన్-ఆఫ్ అయిందా? రంగులు, కేబినెట్లు మార్చడానికి పర్మిట్ అక్కర్లేదు. గోడ తీసినా, సింకు జరిపినా, గ్యాస్ లైను కదిపినా కావాలి. పర్మిట్ తీసుకుని మూయకుండా వదిలేసిన పని అసలు లేనిదానికంటే కొంచెమే నయం, ఎందుకంటే రేపు మీరు ఏదైనా పనికి దరఖాస్తు పెడితే ముందు ఇది తేల్చమంటారు. ఇదే చూపులో నగర గృహ శాఖ సైటు హెచ్‌పీడీ ఆన్‌లైన్‌లో బిల్డింగ్ మీద ఉల్లంఘనలు, నగర ఆస్తి పత్రాల సైటు ఆక్రిస్‌లో బిల్డింగ్ మార్ట్‌గేజ్ పత్రాలు చూసేయండి. అన్నీ ఉచితం.

చారిత్రక ప్రాంతం కాబట్టి, అలాంటి కట్టడాలను కాపాడే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి అదనం. డీఓబీ పర్మిట్ కావాల్సిన లోపలి పనికి కూడా దాని కాగితం కావాలి. అన్నిటికంటే ఎక్కువ దొరికిపోయేది కిటికీలు. వీధివైపు పాత చెక్క కిటికీలు తీసి తెల్ల వినైల్ కిటికీలు పెట్టేస్తే ఉల్లంఘన నోటీసు బిల్డింగ్ పేరు మీద వస్తుంది. అది తేలేదాకా మిగతా షేర్‌హోల్డర్ల దరఖాస్తులు కూడా సాధారణంగా ఆగుతాయి. సరైన కిటికీలు మళ్లీ పెట్టించే ఖర్చు అప్పుడు ఫ్లాట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. గోడలో దూర్చిన ఏసీకి అనుమతి కావాలి. కిటికీలో పెట్టి తీసే మామూలు ఏసీకి అక్కర్లేదు.

బిల్డింగ్ వ్యవహారాలు చూసే మేనేజింగ్ ఏజెంటు దగ్గర ఆల్టరేషన్ అగ్రిమెంటు కాపీ అడగండి. అమ్మేవాళ్లు బోర్డుతో రాసుకున్న ఆ ఒప్పందంలో గోడల లోపల చేసిన పనికి భవిష్యత్తులో ఎవరు బాధ్యులో ఉంటుంది. ఎక్కువసార్లు ఆ బాధ్యత షేర్లతో పాటే మీకు బదిలీ అవుతుంది. ఒకరి పడకగది పైన మీ బాత్రూమ్‌ను జరిపి కట్టి ఉంటే, బోర్డు దాన్ని నిజంగా ఒప్పుకుందా అన్నదీ ఇక్కడే తేలుతుంది.

ఐదో పని: బిల్డింగ్ కాగితాలు

ఆఫర్ ఒప్పుకున్నాక, కాంట్రాక్టు మీద సంతకానికి ముందు మీ లాయరు ఇవన్నీ చదవాలి: రెండేళ్ల ఆడిటెడ్ లెక్కలు, బోర్డు మినిట్స్ (సమావేశాల రాతలు), ఆఫరింగ్ ప్లాను (బిల్డింగ్‌ను కో-ఆప్‌గా అమ్మకానికి పెట్టినప్పటి పత్రం), ప్రొప్రైటరీ లీజు, హౌస్ రూల్స్. కో-ఆప్‌లు తరచూ చేసే లాయరునే పెట్టుకోండి. మినిట్స్ మేనేజింగ్ ఆఫీసుకెళ్లి స్వయంగా చదివే లాయరైతే ఇంకా మంచిది.

లెక్కల్లో ముందుగా చూడాల్సింది అండర్‌లైయింగ్ మార్ట్‌గేజ్, అంటే బిల్డింగ్ మొత్తం మీదున్న అప్పు. ఇందులో మీ వాటా మీ షేర్లను బట్టి. బిల్డింగ్‌లో 20,000 షేర్లుండి మీ ఫ్లాట్‌కు 400 ఉంటే మీది 2 శాతం. అప్పు 30 లక్షలయితే మీ తల మీద 60,000 డాలర్లు అదనంగా ఉన్నట్టే. ధరలు పోల్చేటప్పుడు దీన్ని కలిపి పోల్చండి. ఈ అప్పులు చాలావరకు పదేళ్లకోసారి తిరగరాసుకోవాల్సినవి, అసలు పెద్దగా తగ్గదు. ఆ అప్పు 3.25 శాతానికి ఉంటే వడ్డీ ఏడాదికి 97,500. గడువు తీరి 6.25 శాతానికి తిరగరాస్తే 1,87,500. పెరిగిన 90,000లో మీ 2 శాతం 1,800, అంటే నెలకు 150 డాలర్లు మెయింటెనెన్స్‌లో పెరుగుతుంది. కాబట్టి మార్ట్‌గేజ్ గడువు ఏ సంవత్సరం అన్నది తప్పకుండా తెలుసుకోండి.

తర్వాత రిజర్వు ఫండు. ఆ మొత్తాన్ని విడిగా చూస్తే ఏమీ తెలియదు, రాబోయే పనులతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరంతస్తులు దాటిన బిల్డింగ్‌కు లోకల్ లా 11 కింద ఐదేళ్లకోసారి బయటి గోడల తనిఖీ ఉంటుంది. తేడా వస్తే ఫుట్‌పాత్ మీద షెడ్డు కట్టి మరమ్మతు పూర్తయ్యేదాకా ఉంచాలి. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగ్‌కు లోకల్ లా 97 కర్బన పరిమితులు 2024 నుంచి అమల్లో ఉన్నాయి, 2030లో ఇంకా బిగుస్తాయి. పరిమితి దాటితే ప్రతి మెట్రిక్ టన్నుకు 268 డాలర్ల జరిమానా. ఆయిల్ బాయిలరున్న పాత బిల్డింగయితే బోర్డు ప్రణాళిక ఏమిటో అడగండి. చిన్న బ్రౌన్‌స్టోన్లు ఈ రెండిటికీ సాధారణంగా దొరకవు గానీ గ్యాస్ గొట్టాల తనిఖీ (లోకల్ లా 152, నాలుగేళ్లకోసారి) వాటికీ ఉంటుంది. లీకు బయటపడితే గ్యాస్ ఆపేస్తారు, తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలలన్నీ కరెంటు పొయ్యి మీదే వంట.

మినిట్స్ చదివేటప్పుడు వెతకాల్సిన మాటలు: లీకు, రైజరు, పారపెట్, బాయిలరు, అసెస్‌మెంట్ (మెయింటెనెన్స్ కాకుండా అదనపు వసూలు), కోర్టు కేసు, నల్లులు. ఒకే ఫ్లాట్ లైను మీద ఏడాదిలో మూడుసార్లు లీకు కనిపించి, ఆ లైను మీదైతే, బేరమాడటానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు. బిల్డింగ్ కింద నేల కో-ఆప్‌దేనా, లీజుదా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. లీజు నేల అయితే మెయింటెనెన్స్ ఎంత తక్కువగా కనిపించినా వదిలేయడం మేలు. సబ్‌లెట్ నియమం కూడా చదవండి. రెండేళ్లు సొంతంగా ఉన్నాకే, అదీ కొద్దికాలమే అద్దెకివ్వనిచ్చే బిల్డింగులు ఎక్కువ. వీసా తేడా వచ్చి ఇండియా వెళ్లాల్సి వస్తే అద్దెకిద్దాంలే అనుకునేవాళ్లకు ఈ ఒక్క నియమమే కాండో వైపు చూడటానికి సరిపోయే కారణం. మీరు ఊళ్లో లేనప్పుడు అతిథులు ఎన్నాళ్లుండొచ్చో లీజులో ఉంటుంది, అమ్మానాన్నలు వచ్చేవాళ్లు అది కూడా చూడాలి.

ఆరో పని: కాంట్రాక్టు, బోర్డు ప్యాకేజీ, ఇంటర్వ్యూ

సంతకంతో పాటు 10 శాతం డిపాజిట్టు అమ్మేవాళ్ల లాయరు ఎస్క్రోలో (క్లోజింగ్ దాకా ఎవరూ ముట్టని ఖాతాలో) పెడతారు. లోను రాకపోతే, బోర్డు కాదంటే ఆ డబ్బు వెనక్కి వచ్చేలా రెండు షరతులూ కాంట్రాక్టులో ఉండాలి. తెరిచి ఉన్న పర్మిట్లు, ఉల్లంఘనలు క్లోజింగ్‌కు ముందే అమ్మేవాళ్లు మూయించాలని, లేదంటే ఆ మేరకు డబ్బు ఎస్క్రోలో ఆపాలని రాయించుకోండి. ఫ్లిప్ ట్యాక్స్ (అమ్మకం మీద కో-ఆప్ తీసుకునే రుసుము) ఎవరు కట్టాలో అదీ రాతలోనే ఉండాలి. 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి గోడలకు వేసిన సీసం కలిసిన రంగు గురించి వివరాల పత్రం ఇస్తారు, చిన్నపిల్లలుంటే పరీక్ష చేయించుకునే హక్కు వదులుకోకండి. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలుంటే కిటికీలకు గార్డులు తప్పనిసరి అని కూడా గుర్తుంచుకోండి.

బోర్డు ప్యాకేజీలో ఆస్తి అప్పుల పట్టిక, రెండు మూడేళ్ల ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగ పత్రం, ఇంటి ఓనరు ఉత్తరం, పరిచయస్తుల ఉత్తరాలు, బ్యాంకు కమిట్‌మెంట్ లెటరు, అజ్‌టెక్ ఫారం (బ్యాంకు హక్కును కో-ఆప్ గుర్తించే ఒప్పందం) ఉంటాయి. ఆలస్యమంతా అంకెలు కలవకపోవడం వల్లే. పట్టికలో రాసిన ప్రతి డాలరూ ఏదో ఒక స్టేట్‌మెంట్‌లో అదే తేదీకి అదే అంకెగా కనిపించాలి. పెద్ద జమ ఏదైనా ఉంటే అది ఎక్కడిదో ఒక పేరాలో రాసి జతచేయండి. ఇండియా ఖాతాలుంటే రూపాయల స్టేట్‌మెంటు పక్కన డాలర్లలో మార్చిన లెక్క, ఏ రోజు రేటో రాసి పెట్టండి.

బోర్డు కారణం చెప్పకుండా తిరస్కరించగలదు. కానీ మతం, పుట్టిన దేశం, వలస హోదా వంటివాటిని బట్టి తిరస్కరించడాన్ని నగర మానవ హక్కుల చట్టం నిషేధించింది. హెచ్1బీలో ఉన్నంత మాత్రాన కాదనడానికి వీల్లేదు. ఇంటర్వ్యూ సాధారణంగా అరగంట. అడిగినదానికే చెప్పండి. రెనోవేషన్ ఆలోచనలు, సబ్‌లెట్ ప్రశ్నలు అక్కడ ఎత్తకండి, వాటికి జవాబులు ఈపాటికి కాగితాల్లో చదివేసి ఉండాలి.

ఏడో పని: క్లోజింగ్, తర్వాత మొదటి శీతకాలం

క్లోజింగ్‌కు ముందురోజు ఫ్లాట్‌ను మళ్లీ చూసి కొళాయిలు, స్టౌ, హుడ్, ప్రతి ప్లగ్గూ ఒకసారి పరీక్షించండి. షేర్ సర్టిఫికెట్టు, లీజు అసలు ప్రతులు లోను తీరేదాకా బ్యాంకు దగ్గరే ఉంటాయి. కాపీలు తీసుకోండి. ఇన్సూరెన్సులో లోపలి మెరుగులకు విడిగా కవరేజీ ఉండేలా చూసుకోండి. బిల్డింగ్ పాలసీ గోడల వరకే, మీ కొత్త వంటగది దానిలోకి రాదు. మెయింటెనెన్స్‌లో ఆస్తిపన్ను, బిల్డింగ్ లోను వడ్డీ మీ వాటా ఎంతో ఏటా ఒక ఉత్తరం వస్తుంది, ట్యాక్సు వేసేటప్పుడు సెక్షన్ 216 మినహాయింపుకు అది కావాలి.

చేరాక, చెక్క దూలాల నేల మీద శబ్దం కింది ఇంటికి నేరుగా దిగుతుందని గుర్తుంచుకోవాలి. వంటగది, బాత్రూమ్ మినహా నేలలో 80 శాతం కార్పెట్ వేయాలన్న నియమం దాదాపు ప్రతి బిల్డింగ్‌లో ఉంటుంది, కింద మందపాటి ఫెల్ట్ ప్యాడు కూడా వేయండి. గ్రైండరును గట్టు మీద నేరుగా పెట్టకుండా అర అంగుళం రబ్బరు మ్యాటు మీద పెట్టండి. ఇడ్లీపిండి తెల్లవారుజామున కాకుండా సాయంత్రం రుబ్బుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

వేడి బిల్డింగే ఇస్తుంది. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుంటే లోపల 68, రాత్రి ఎలాగైనా 62 ఉండాలి. పాత బిల్డింగుల్లో ఒకే గొట్టం ఆవిరి రేడియేటర్లు ఎక్కువ. ఇందులో ఆవిరి వచ్చే దారి, చల్లబడి నీరై తిరిగి పోయే దారి ఒకటే. అందుకే కింది వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. వేడి తగ్గిద్దామని సగం మూస్తే నీరు వెనక్కి పోలేక లోపల నిలిచి, తర్వాత వచ్చిన ఆవిరి దాన్ని తన్ని అర్ధరాత్రి సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. పూర్తిగా తెరిచినా మోత ఆగకపోతే రేడియేటర్ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. రెనోవేషన్‌లో కొత్త నేల వేసినప్పుడు దాన్ని సమంగా నిలబెట్టేసి ఉంటారు. వాల్వు ఉన్న వైపు కొంచెం పల్లంగా ఉండాలి. అది చల్లగా ఉన్నప్పుడు రెండో వైపు కాళ్ల కింద పావు అంగుళం చెక్క ముక్కలు పెట్టి లేపితే నీరు వాల్వు వైపు దిగిపోతుంది. పైన బుసకొట్టే చిన్న ఎయిర్ వెంటు నుంచి నీటిచుక్కలు వస్తుంటే లేదా రేడియేటరు ఒక కొసే వేడెక్కుతుంటే ఆ వెంటు పాడైంది. సూపర్‌కి (బిల్డింగ్ మరమ్మతులు చూసే మనిషికి) చెప్పండి, కొత్తది బిగించడం పది నిమిషాల పని.